ఆ దీవిలో ప్రతి ఊరూ రెండూళ్లు!

నాలుగు రోజులు... ఓ అద్దె కారు... గ్రీసులోని కెఫలోనియా దీవి. ఒక పక్క పాలు కలిపినట్టుండే నీలి సముద్రం, మరో పక్క పైకప్పుల్లేని పాత గోడలు. కొండదారుల వెంట తిరిగితేగానీ అర్థంకాని కథ అది.

గ్రీసు దీవి అనగానే మన కళ్లముందు కదిలేది ఒకే బొమ్మ. తెల్లటి గోడలు, నీలం గుమ్మటాలు, ఎక్కడో కింద మెరిసే సముద్రం. క్యాలెండర్లలో, సినిమా పాటల్లో చూసీచూసీ గ్రీసంతా అలాగే ఉంటుందనుకుంటాం. కెఫలోనియాలో అలాంటి వీధుల కోసం వెతికితే నిరాశే. అక్కడ కనిపించేవి ఒకటి రెండు అంతస్తుల మామూలు కాంక్రీటు ఇళ్లు. లేత పసుపో, గులాబీయో రంగు, ఎర్ర పెంకుల కప్పు, వాకిట్లో పూల కుండీలు... అంతే!

వేల ఏళ్ల చరిత్ర ఉన్న దీవిలో చాలా ఇళ్ల వయసు 70 ఏళ్లు దాటదు. ఎందుకంటే... 1953 ఆగస్టులో నాలుగు రోజుల వ్యవధిలో మూడు పెద్ద భూకంపాలు ఈ దీవిని నేలమట్టం చేశాయి. 9న ఒకటి, 11న ఇంకొకటి, 12న అన్నిటికన్నా పెద్దది. అది ఆగేసరికి కొద్ది ఊళ్లు తప్ప మిగిలిందేమీ లేదు. పక్కనున్న జాకింథోస్, ఇథాకా దీవులదీ ఇంచుమించు అదే పరిస్థితి. మూడు దీవుల్లోనూ వందలమంది చనిపోయారు. మొదటి రెండు ప్రకంపనలకే బెదిరిపోయి చాలామంది ఆరుబయట పడుకున్నారు కాబట్టి సరిపోయిందిగానీ, లేదంటే ఆ సంఖ్య ఎక్కడికి చేరేదో!

దివిసీమలో పెద్దవాళ్లను కదిపి చూడండి... 'ఉప్పెనకు ముందు', 'ఉప్పెన తర్వాత' అంటూ కాలాన్ని రెండు ముక్కలు చేసి చెబుతారు. కెఫలోనియాలోనూ అంతే. ఇంటి గురించి అడిగినా, పెళ్లి గురించి అడిగినా 'భూకంపానికి ముందు', 'భూకంపం తర్వాత' అన్నదే లెక్క.

తాళం చేతికొచ్చింది!

గ్రీసు పడమటి తీరాన అయోనియన్ సముద్రంలో ఉన్న దీవుల్లో కెఫలోనియాయే పెద్దది. వైశాల్యం 780 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. జనాభా మాత్రం 36 వేలే. ఏథెన్స్ నుంచి విమానంలో గంట ప్రయాణం. ఓడలో వెళ్లాలంటే కిలీనీ రేవు నుంచి గంటన్నర.

మొన్న సెప్టెంబరులో మేం నలుగురం వెళ్లాం. నేనూ, మావారూ ఇక్కణ్నుంచి. మ్యూనిచ్‌లో ఉంటున్న వదినా, అన్నయ్యా అక్కణ్నుంచి. దీవిలో బస్సులున్నాయిగానీ రోజుకు రెండో మూడో. అవి వెళ్లని ఊళ్లే ఎక్కువ. అందుకే విమానాశ్రయంలోనే కారు అద్దెకు తీసుకున్నాం. జర్మనీలో కుడివైపు నడిపి అలవాటైంది కాబట్టి స్టీరింగ్ వదినకు అప్పగించాం. మ్యాపు చూసే పని నాది. వెనక సీట్లో మగవాళ్లిద్దరూ హాయిగా కూర్చుని, ప్రతి మలుపులోనూ 'మెల్లగా... మెల్లగా' అంటూ తమ వంతు సాయం చేశారు!

ఇక్కణ్నుంచి వెళ్లి కారు నడపాలనుకునేవాళ్లకు మన డ్రైవింగ్ లైసెన్సు ఒక్కటే చాలదు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి. అది మన రవాణా శాఖ కార్యాలయంలోనే ఇస్తారు, ఏడాది వరకూ చెల్లుతుంది. కారు ఎవరు నడుపుతారో వాళ్ల పేరుమీదే క్రెడిట్ కార్డు ఉండాలంటాయి చాలా సంస్థలు. చేత్తో గేర్లు మార్చే కార్లే ఎక్కువ. ఆటోమేటిక్ కావాలంటే ముందే చెప్పిపెట్టుకోవాలి, అద్దె కూడా ఎక్కువే. ఇంకో ముఖ్యమైన సంగతి... మామూలు బీమాలో టైర్లు, అద్దాలు, కారు అడుగు భాగం తరచూ కలవవు. గులకరాళ్ల దారుల్లో దెబ్బతినేవి సరిగ్గా అవే! సంతకం పెట్టేముందు ఆ కాగితం పూర్తిగా చదవాలి. కారు చుట్టూ తిరిగి, ఉన్న గీతలన్నిటినీ ఫోన్లో ఫొటోలు తీసిపెట్టుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు వాదన ఉండదు.

పెద్ద కారు వద్దు. పల్లెల్లో సందులు మన పాతబస్తీ సందులకేమీ తీసిపోవు. ఎదురుగా ఓ వ్యాను వచ్చిందంటే ఇద్దరిలో ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే.

మొదటి రోజు: నీళ్లు మింగే నేల

దీవికి ముఖ్యపట్టణం అర్గొస్తోలి. ఊళ్లోకి రాగానే సముద్రపు పాయ మీద పొడవాటి రాతి వంతెన కనిపిస్తుంది. పేరు డి బోసె వంతెన. బ్రిటిష్ సైన్యంలో పనిచేసిన స్విట్జర్లాండ్ ఇంజినీరు ఒకాయన 1813లో దాన్ని మొదట చెక్కతో కట్టించాడు, తర్వాత రాతితో మార్చారు. పొడవు ముప్పాతిక కిలోమీటరుకు కాస్త తక్కువ. ఇప్పుడు వాహనాలను రానివ్వరు. సాయంత్రమైతే పిల్లాపాపలతో ఊరంతా దానిమీదే నడుస్తుంది.

పొద్దున్నే రేవు దగ్గరికి వెళ్తే మరో వేడుక. చేపలవాళ్లు పడవల్లోంచి వలలు దులుపుతుంటే, రాలిన ముక్కల కోసం పెద్ద పెద్ద సముద్రపు తాబేళ్లు గట్టు దాకా వచ్చేస్తాయి. గుండ్రటి తల, గోధుమరంగు డిప్ప. మనుషులను చూసి బెదరవు. మనం వాటికి ఏమీ పెట్టకూడదు, ముట్టుకోకూడదు. దూరంగా నిలబడి చూడ్డమే.

ఊరి చివర దీపస్తంభం వైపు వెళ్లే దారిలో ఓ వింత ఉంది. అక్కడ సముద్రపు నీళ్లు ఒడ్డుకు వచ్చి, రాళ్ల సందుల్లోంచి భూమిలోకి ఇంకిపోతుంటాయి. ఆ ప్రవాహం జోరుతో 19వ శతాబ్దంలో పిండి మరలు కూడా తిప్పారట! మరి ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నట్టు? చాలాకాలం ఎవరికీ తెలీలేదు. 1963లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞులు ఆ నీళ్లలో పెద్దమొత్తంలో రంగు కలిపి వదిలారు. రెండు వారాల తర్వాత ఆ రంగు ఎక్కడ తేలిందో తెలుసా? దీవికి అవతలి తీరంలో, సామీ ఊరి దగ్గర! అంటే ఇక్కడ మునిగిన సముద్రం, కొండల అడుగునుంచి దీవి అడ్డంగా ప్రయాణించి, అక్కడ పైకొస్తోందన్నమాట. ఈ కొండలన్నీ సున్నపురాయి. లోపలంతా తేనెపట్టులా బోలు. 1953 భూకంపాలు ఆ దారులనూ వదల్లేదు. అప్పట్నుంచీ ప్రవాహం బాగా తగ్గిపోయింది.

సాయంత్రం ఊళ్లోకి వచ్చి లిథోస్త్రోతో అనే వీధిలో నడిచాం. రాళ్లు పరిచిన ఆ బజారులో కార్లు తిరగవు. అక్కడి మిఠాయి దుకాణాల్లో 'మాండోలెస్' కొనాల్సిందే. బాదం పప్పులకు ఎర్రటి పంచదార పాకం పట్టిస్తారు. మన తిరునాళ్లలో దొరికే పంచదార పూత బఠాణీలకు దూరపు చుట్టాల్లా ఉన్నాయి!

ఓ కాఫీ హోటల్ గోడమీద పాత అర్గొస్తోలి ఫొటో ఉంది. సన్నటి కిటికీలు, ఇనుప వరండాలు, గంటల గోపురాలతో అచ్చం ఓ ఇటలీ పట్టణం. 1500 నుంచి 1797 దాకా ఈ దీవి వెనిస్ పాలనలోనే ఉంది మరి. ఫొటోలోని వీధిని బయట వీధితో పోల్చి చూస్తే ఒక్క గుర్తూ కలవదు. 'కెప్టెన్ కొరెలీస్ మాండొలిన్' సినిమా 2001లో వచ్చింది. నికొలస్ కేజ్, పెనెలోపే క్రూజ్ నటించారు. కథంతా ఈ దీవిలోనే. కానీ పాత అర్గొస్తోలిని చూపించడానికి అర్గొస్తోలిలో చోటే లేదు. అందుకని సామీలో ఆ పాత ఊరిని సెట్టు వేసుకోవాల్సి వచ్చింది!

రెండో రోజు: సింధుకు ముందు ఈ రోడ్లు

ఉత్తరం కొసన ఉన్న ఫిస్కార్దోకు 50 కిలోమీటర్లు. మన లెక్కలో ముప్పావు గంట. అక్కడ మాత్రం గంటకు పైనే. ఒక పక్క కొండ, మరో పక్క లోయ, ఆ లోయ చివర సముద్రం. ఒక్కో మలుపు తిరిగేసరికి మేకల మంద రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంటుంది. హారన్ కొడితే అవి మనవైపు ఓ చూపు చూసి, నెమిలేస్తూనే ఉంటాయి.

ఈ కొండదారులకు మన దేశంతో ఓ బంధముంది. 19వ శతాబ్దం మొదట్లో ఈ దీవులు బ్రిటిష్‌వాళ్ల చేతికొచ్చాయి. 1822 నుంచి 1830 దాకా కెఫలోనియా పాలనాధికారిగా ఉన్నవాడు చార్లెస్ నేపియర్. అవును... 1843లో సింధు ప్రాంతాన్ని ఆక్రమించిన నేపియరే! కొండల్లో రోడ్లు వేయించాలన్నది ఆయన పంతం. కట్టించిన ఇంజినీరు జాన్ పిట్ కెనెడీ. ఆయన కూడా తర్వాత మన దేశానికి వచ్చి, సిమ్లా నుంచి టిబెట్ వైపు వెళ్లే కొండరోడ్డు పనిలోనూ, బొంబాయి-బరోడా రైల్వే పనిలోనూ ముఖ్యపాత్ర పోషించాడు. 1864లో బ్రిటన్ ఈ దీవులను గ్రీసుకు అప్పగించింది.

అర్గొస్తోలి నుంచి కాస్త దూరం వెళ్లాక ఫార్సా అనే ఊరొస్తుంది. రోడ్డు పక్కన కొత్త ఇళ్లు, దుకాణం, చర్చి. కారాపి తలెత్తి కొండవైపు చూస్తే... మరో ఫార్సా! కప్పుల్లేని రాతి గోడలు, ఆకాశం కనిపించే కిటికీలు, గుమ్మంలోంచి బయటికి పెరిగిన అంజూరపు చెట్లు. 1953 తర్వాత జనం శిథిలాలను తొలగించలేదు. వాటిని అలాగే వదిలేసి, కింద రోడ్డు పక్కన కొత్త ఊరు కట్టుకున్నారు. దీవిలో చాలా ఊళ్లది ఇదే కథ. పేరు ఒకటే, ఊళ్లు రెండు. మ్యాపులో 'పాలియా' అని కనిపిస్తే దానర్థం 'పాత'. ఆ మాట కనపడ్డ చోటల్లా కారు ఆపడం మాకు అలవాటైపోయింది. గోడలు ఎప్పుడు కూలతాయో తెలీదు కాబట్టి లోపలికి మాత్రం వెళ్లకూడదు.

ఇంకో గంట ఎక్కాక రోడ్డు ఒక్కసారిగా అంచుకొస్తుంది. కింద మిర్తోస్ తీరం! తెల్లటి గులకరాళ్ల ఒడ్డు, దాని పక్కన పాలు కలిపిన నీలం, ఆ తర్వాత ముదురు నీలం... గీత గీసినట్టు మూడు రంగులు. రాళ్లు అలలకు అరిగి, ఆ తెల్లటి పొడి నీళ్లలో కలుస్తుంటుంది. అందుకే ఆ పాలరంగు. కిందికి దిగే దారి మెలికలు మెలికలుగా ఉంటుంది. రెండో గేరులోనే దిగాలి. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే చాలు లోతు. అలలున్న రోజున పిల్లల్ని నీళ్లలోకి దించకపోవడమే మంచిది.

అక్కణ్నుంచి అస్సోస్. చిన్న పాయ మీద పాతిక ఇళ్ల ఊరు, పక్కన కొండమీద వెనిస్‌వాళ్లు 16వ శతాబ్దం చివర్లో కట్టిన కోట. 1953లో ఈ ఊరూ కూలిపోతే, తిరిగి కట్టుకోవడానికి పారిస్ నగరం సాయం చేసింది. ఆ కృతజ్ఞతతో ఊరి కూడలికి పారిస్ పేరు పెట్టుకున్నారు. 2020 సెప్టెంబరులో 'ఇయానోస్' తుపాను వచ్చినప్పుడు కొండమీది నుంచి బురద, బండరాళ్లు ఊళ్లోకి దూసుకొచ్చాయి. మళ్లీ ఎత్తిపోసుకున్నారు, మళ్లీ రంగులు వేసుకున్నారు.

చీకటి పడేలోపు ఫిస్కార్దో చేరాం. 1953లో ప్రకంపనల తాకిడి తక్కువగా ఉండి బతికిపోయిన ఊరిది. 1085లో ఈ దీవిలో చనిపోయిన నార్మన్ వీరుడు రాబర్ట్ గిస్కార్ పేరుమీదుగా ఆ పేరు వచ్చింది. రేవు చుట్టూ వెనిస్ కాలపు ఇళ్లు రంగురంగుల్లో అలాగే ఉన్నాయి. విహార నౌకలు, ఖరీదైన హోటళ్లు. పోస్టుకార్డులన్నీ ఇక్కడివే. ఎదురుగా ఇథాకా దీవి. పదేళ్ల యుద్ధం తర్వాత మరో పదేళ్లు సముద్రాల్లో తిరిగి ఒడిస్సియస్ చేరుకున్న సొంతూరు అదేనంటారు.

"దీవంతా ఇలాగే ఉండేదన్నమాట" అంది వదిన, రేవు గట్టుమీద కూర్చుని. అప్పుడర్థమైంది... ఫిస్కార్దో అందంగా ఉంది నిజమే. కానీ అది ఆ దీవి ముఖం కాదు, దీవి దగ్గర మిగిలిన పాత ఫొటో.

మూడో రోజు: కొండ కడుపులో చెరువు

తూర్పు దారి పట్టి ముందుగా ఒమాలా లోయలోకి వెళ్లాం. చుట్టూ కొండలు, మధ్యలో ద్రాక్షతోటలు. ఇక్కడ పండే 'రొబోలా' ద్రాక్షతో చేసే తెల్ల వైనుకు ఐరోపా అంతటా పేరుంది. లోయ మధ్యలో దీవి ఆరాధ్య దైవం సెయింట్ గెరాసిమోస్ మఠం. ఆయన 1579లో పరమపదించాడు. ఏటా ఆగస్టు 16న, అక్టోబరు 20న పెద్ద ఉత్సవం. ఆయన పార్థివదేహాన్ని ఊరేగిస్తుంటే జబ్బుపడ్డవాళ్లు దారిలో పడుకుంటారు, ఆ పల్లకీ తమ మీదుగా వెళ్తే రోగం నయమవుతుందని నమ్మకం. మన సింహాచలం చుట్టుపక్కల ఇంటికో అప్పారావో, అప్పలనాయుడో ఉన్నట్టు, ఇక్కడ ఇంటికో గెరాసిమోస్ ఉంటాడు!

పైన ఐనోస్ పర్వతం. ఎత్తు 1,628 మీటర్లు. నల్లగా కనిపించే దట్టమైన ఫర్ చెట్ల అడవి. ఆ చెట్టు జాతికి శాస్త్రీయ నామంలోనే ఈ దీవి పేరుంది. వెనిస్‌వాళ్లు దీన్ని నల్లకొండ అనేవారు. 1962లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. అదృష్టం బాగుంటే అడవిలో తిరిగే చిన్న గుర్రాలు కనిపిస్తాయట. మాకు కనిపించలేదుగానీ, తీరంలో చెమటలు పట్టిన మాకు అక్కడ స్వెట్టర్లు గుర్తొచ్చాయి.

కొండ దిగితే ద్రొగరాతి గుహ. మెట్లు దిగి లోపలికి వెళ్తే పైనుంచి వేలాడే రాతి ఊడలు, కింద పెద్ద హాలు. శబ్దం బాగా పలుకుతుందని అందులో సంగీత కచేరీలు కూడా పెట్టారు.

అన్నిటికన్నా వింత మెలిస్సానీ. కొండ కడుపులో చెరువు! గుహ పైకప్పు కూలి పెద్ద కన్నం పడింది. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఆ కన్నంలోంచి ఎండ నిట్టనిలువుగా పడి, నీళ్లు నీలం బల్బు వెలిగించినట్టు అయిపోతాయి. అందుకే పదకొండు నుంచి ఒంటిగంట మధ్య వెళ్లాలి. పడవవాళ్లు తెడ్డు వేస్తూ చెరువంతా తిప్పుతారు. అంతా కలిపి పావుగంటే. కానీ ఆ నీళ్లు ఎక్కడివో తెలిస్తే ఒళ్లు పులకరిస్తుంది. మొదటి రోజు అర్గొస్తోలి ఒడ్డున భూమిలోకి జారిపోయిన సముద్రం ఉందే... అది తేలే చోటు ఇదీ, దీని పక్కనున్న కరావొమిలోస్ కొలనూ. 1963లో వదిలిన రంగు కనిపించింది ఇక్కడే.

మధ్యాహ్నం సామీ రేవులో భోజనం. ఇక్కడి ప్రత్యేకం మాంసం, బియ్యం కలిపి పిండి పొరల మధ్య పెట్టి కాల్చే 'క్రియాటోపిటా'. శాకాహారులకూ లోటు లేదు. తడిపిన ఎండురొట్టె మీద టమాటా, మేకపాల చీజ్, వాము వాసనొచ్చే ఒరెగానో వేసి ఇచ్చే 'రిగనాదా' ఉంది. ఉడికించి నిమ్మరసం, ఆలివ్ నూనె పోసిన ఆకుకూర ఉంది. 'ఫావా' అని ఒకటి తెచ్చిపెట్టారు. తీరా చూస్తే ముద్దపప్పే! అన్నయ్య బ్యాగులోంచి ఆవకాయ సీసా తీశారు. ఇక చెప్పేదేముంది!

నాలుగో రోజు: పాములొచ్చే పండగ

దక్షిణాన మెతక్సాతా అనే పల్లె ఉంది. గ్రీసు స్వాతంత్ర్య పోరాటంలో పాల్గొనడానికి వచ్చిన ఆంగ్లకవి బైరన్ 1823లో కొన్ని నెలలు ఇక్కడే ఉన్నాడు. ఆ దారిలోనే ముందుకెళ్తే మర్కొపులో. కొండమీద మేరీమాత చర్చి. ఏటా ఆగస్టు 6 నుంచి 15 మధ్య ఆ చర్చి దగ్గరికి చిన్న పాములు వస్తాయి. తలమీద శిలువ గుర్తుంటుందని భక్తులు చెబుతారు. ఎవరూ చంపరు. చేతులమీద పాకించుకుంటారు, మేరీమాత పటం మీద వదులుతారు. పండగ అయ్యాక మళ్లీ పొదల్లో విడిచిపెడతారు. మనుషులకు ప్రమాదం లేని పిల్లి పాము జాతి అది. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మనకు ఇదేమంత కొత్తగా అనిపించదు.

పాములు రాని ఏడాది దీవికి కీడు అని వాళ్ల నమ్మకం. అలా రానివి రెండేళ్లని చెబుతారు. ఒకటి యుద్ధం ముంచుకొచ్చిన 1940. రెండోది... 1953.

ఆ యుద్ధం గాయం కూడా ఇక్కడ తక్కువ కాదు. 1943 సెప్టెంబరులో ఇటలీ లొంగిపోయాక, దీవిలో ఉన్న ఇటలీ 'అక్వీ' డివిజన్ సైనికులు జర్మన్లకు ఆయుధాలు అప్పగించలేదు. పోరాడి ఓడిపోయారు. పట్టుబడ్డవాళ్లను జర్మన్లు వేలసంఖ్యలో కాల్చి చంపారు. అర్గొస్తోలి దీపస్తంభానికి దగ్గర్లో వాళ్ల స్మారక చిహ్నం ఉంది. యుద్ధం, ఆ తర్వాత అంతర్యుద్ధం, అది ముగిసిన నాలుగేళ్లకే భూకంపాలు. ఇల్లూ పొలమూ వదిలేసి వేలమంది ఏథెన్స్‌కూ, ఆస్ట్రేలియాకూ, అమెరికాకూ వెళ్లిపోయారు. వేసవిలో దీవిలో వినిపించే ఆస్ట్రేలియా యాస ఇంగ్లిషుకు అదే కారణం. వాళ్లు పర్యాటకులు కారు, తాతల ఊరు చూసుకోవడానికొచ్చిన మనవలు.

మధ్యాహ్నం కారుతో సహా ఓడెక్కి, ఇరవై నిమిషాల్లో అవతలి ఒడ్డున ఉన్న లిక్సూరి చేరాం. అర్గొస్తోలికీ దీనికీ ఎప్పుడూ పోటీయే. ఊరి గట్టుమీద వ్యంగ్య రచయిత లస్కరాతోస్ విగ్రహం ఉంది, సరిగ్గా అర్గొస్తోలికి వీపు చూపిస్తూ! మతపెద్దలను ఎగతాళి చేశాడని ఆయన్ని 1856లో వెలివేశారు. వెలివేసినవాడి శరీరం చచ్చాక కూడా చివకదని అప్పట్లో నమ్మకం. 'అయితే మా పిల్లల చెప్పుల్ని కూడా వెలివేయండి బాబూ, అరిగిపోకుండా ఉంటాయి' అన్నాడట మహానుభావుడు!

లిక్సూరికి దక్షిణాన ఎర్ర ఇసుకతో మెరిసే క్సీ తీరం, దాని దగ్గర్లో కునోపెత్రా అనే పెద్ద బండ ఉన్నాయి. కునోపెత్రా అంటే కదిలే రాయి. ఒడ్డున నీళ్లలో ఉన్న ఆ బండ ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతూ ఉండేదట. 1953లో దాని కింద నేల సర్దుకుంది. అప్పట్నుంచీ రాయి కదలడం లేదు. దీవంతా కదిలిపోయిన రోజున, కదిలే రాయి ఆగిపోయింది!

నిలబడ్డ ఇళ్లు

ఐరోపాలో భూకంపాలు ఎక్కువగా వచ్చే చోట్లలో కెఫలోనియా ఒకటి. భూమి పలకలు ఒకదాన్నొకటి ఒరుసుకునేది దీని పక్కనే. 1953లో దీవిలో కొంతభాగం సుమారు 60 సెంటీమీటర్లు పైకి లేచిందంటే ఆ శక్తిని ఊహించుకోవచ్చు. ఆ దెబ్బతో గ్రీసు ప్రభుత్వం కళ్లు తెరిచింది. 1959లో దేశమంతటికీ భూకంపాలను తట్టుకునే కట్టడాల నిబంధనలు తెచ్చింది. ఎత్తు తక్కువ, ఇనుప చువ్వలు ఎక్కువ, బలమైన స్తంభాలు... దీవిలో కొత్త ఊళ్లన్నీ ఆ పద్ధతిలోనే లేచాయి. వాటిని చూసి, వెనిస్ కాలపు అందం పోయిందే అని గైడ్ పుస్తకాలు నిట్టూరుస్తుంటాయి.

ఆ ఇళ్లకు పరీక్ష 2014లో వచ్చింది. జనవరి 26న ఒకటి, ఫిబ్రవరి 3న ఇంకొకటి, రెండూ రిక్టర్ స్కేలు మీద 6 దగ్గర తీవ్రత ఉన్న భూకంపాలు. దెబ్బ సూటిగా తగిలింది లిక్సూరి ఉన్న ఈ పడమటి భాగానికే. రేవు గట్టు బీటలు వారింది. శ్మశానంలో సమాధి రాళ్లు పడిపోయాయి. దుకాణాల్లో సామానంతా నేలపాలైంది. గోడలు పగిలి ఎన్నో ఇళ్లు దెబ్బతిన్నాయి. కానీ కూలిన ఇంటి కింద పడి ఒక్క ప్రాణం కూడా పోలేదు.

లిక్సూరి వీధుల్లో నడుస్తూ ఆ ఇళ్లను మళ్లీ చూశాం. చతురస్రపు గోడలు, బండ స్తంభాలు, బాల్కనీలో ఆరేసిన బట్టలు. మెట్లమీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్న ఓ మామ్మ. వీటి ముందు నిలబడి ఫొటో తీసుకునేవాళ్లెవరూ ఉండరు. దివిసీమ ఉప్పెన తర్వాత మన తీరమంతా లేచిన తుపాను షెల్టర్లను కూడా ఎవరూ ఫొటోలు తీయరుగా! అందం కోసం కట్టినవి కావవి. మళ్లీ అలాంటి రోజొస్తే లోపలున్నవాళ్లు తెల్లారి బయటికి నడిచి రావాలని కట్టినవి.

కెఫలోనియా వెళ్తే మిర్తోస్ చూడండి, మెలిస్సానీలో పడవెక్కండి, ఫిస్కార్దోలో కాఫీ తాగండి. కారు చేతిలో ఉంది కాబట్టి, దారిలో ఏదో ఒక 'పాలియా' దగ్గర ఆగి పై ఊరినీ, కింద ఊరినీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. పై ఊరు ఏం పోయిందో చెబుతుంది. కింద ఊళ్లో ఈ సాయంత్రం కూడా దీపాలు వెలుగుతాయి.